ఘాట్‌లో జర్కులు, ఉదయం మిస్సింగ్: ముందు ప్లగ్గులు విప్పి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, కొని పదేళ్లు దాటింది, 60 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి) ఎప్పుడు మార్చారో గుర్తు లేదు. ఎక్కువగా శ్రీకాకుళం ఊళ్లోనే తిరుగుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే బండి ఊగుతోంది. మొన్న శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే జర్కులు ఇచ్చింది, చెక్ ఇంజిన్ లైట్ కాసేపు మినుకుమినుకుమని ఆగిపోయింది. షెడ్‌లో చూపిస్తే ప్లగ్గులు, మూడు కాయిళ్లు (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేవి), ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే భాగం) క్లీనింగ్ అన్నీ ఒకేసారి చేయించమన్నారు. ప్లగ్గులు మనమే మార్చుకోవచ్చా, ఏవి కొనాలి, మిగతావి నిజంగా అవసరమా అని అడిగారు.

విజయనగరంలో ఏళ్ల తరబడి పెట్రోల్ బళ్ల పని చేసినవాడిగా గట్టిగా చెబుతున్నాను: ప్లగ్గులు విప్పి చూడకముందు ఆ మూడింటిలో దేనికీ ఒప్పుకోకండి. సిలిండర్ లోపల మంట ఎలా మండుతోందో కళ్లకు చూపించే భాగం ఇంత సులువుగా చేతికి వచ్చేది ఇంకోటి లేదు. అది చూశాక కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలా, ఆయిల్ కాలుతోందా, గాలి అందడం లేదా అన్నవి చాలావరకు తేలిపోతాయి. చూడకుండా అన్నీ మార్చేస్తే ఒకవేళ బాగుపడినా ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ అన్నీ మార్చాల్సిందే.

ముందు ఆ లైటు సంగతి. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. మినుకుమినుకుమంటే మాత్రం మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా తప్పిపోవడం) గట్టిగా ఉందని, కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి పోతోందని అర్థం. ఆ పెట్రోల్ కేటలిటిక్ కన్వర్టర్‌లో (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా) మండి, దాన్ని మామూలు కన్నా చాలా ఎక్కువ వేడెక్కిస్తుంది. లోపలి తేనెపట్టు కరిగి మూసుకుపోతే, దాన్ని మార్చే ఖర్చు ముందు ప్లగ్గుల ధర లెక్కలోకే రాదు. కాబట్టి పని అయ్యేవరకు ఘాట్ ఎక్కొద్దు. ఊళ్లో తిరగాల్సి వస్తే యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ, లైట్ మినుకుమంటే పక్కన ఆపేయండి.

మామూలు రోడ్డు మీద సరిగ్గా పోయే బండి ఘాట్‌లోనే ఎందుకు మొరాయిస్తుంది? ప్లగ్గు మొన దగ్గర రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 1 మిల్లీమీటర్ అటూ ఇటూగా ఖాళీ, అంటే గ్యాప్, ఉంటుంది. నిప్పురవ్వ ఆ ఖాళీని దూకాలంటే వేల వోల్టులు కావాలి. సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తుగా ఉంటే దూకడం అంత కష్టం. ఎక్కుడు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ బాగా అణిచినప్పుడు సిలిండర్ నిండా గాలి వచ్చి, ఒత్తిడి బాగా పెరుగుతుంది. ప్లగ్గు కొత్తదైతే కాయిల్‌కు అదేమీ పెద్ద పని కాదు. పాతబడి మొన అరిగి, ఖాళీ 1 నుంచి 1.4, 1.5కు పెరిగితే, అదే కాయిల్ ఒక్కోసారి దూకించలేదు. ఆ ఒక్కసారే మీకు జర్కుగా తెలుస్తుంది. అంటే మీరు చెప్పిన లక్షణం అరిగిన ప్లగ్గుకు సరిగ్గా సరిపోతుంది. కాయిల్ బలహీనపడినా ఇలాగే ఉంటుంది, అందుకే విప్పి చూడమంటున్నాను. ఇంకో సంగతి: అరిగిన ప్లగ్గులతోనే ఏళ్ల తరబడి నడిపితే, కాయిల్ ప్రతిసారీ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాల్సి వచ్చి దాని ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ప్లగ్గు మార్చడం వాయిదా వేసినవాళ్లే చాలాసార్లు కాయిల్ కొంటారు.

ఉదయం ఊగడానికి మీ వాడకం కూడా కారణం కావచ్చు. ప్లగ్గు మొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద చేరిన మసి దానంతట అదే కాలిపోతుంది. ఇంటి నుంచి ఏడు రోడ్ల జంక్షన్‌కు, ఆదివారం అరసవల్లి గుడికి, అంతే తిరిగే బండిలో మొన అంత వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తాం. మసి పేరుకుంటుంది. మసి కరెంటును పోనిస్తుంది కాబట్టి రవ్వ ఖాళీని దూకకుండా ఆ మసి దారిలో పక్కకు జారుకుంటుంది. పలుచటి మసి అయితే హైవే మీద నరసన్నపేట, టెక్కలి వరకు ఒక మాదిరి వేగంతో ఆగకుండా వెళ్లి వస్తే చాలావరకు పోతుంది. మిస్సింగ్ తగ్గాకే ఈ పని, ఇప్పుడు కాదు.

వానలు పడ్డాకే మొదలైందా అన్నది మీరు రాయలేదు. మన వైపు ఇది తప్పకుండా చూడాల్సిందే. ముందు అద్దం కింద నీళ్లు దిగే కాలువలో వేపాకులు, మట్టి చేరి మూసుకుపోతే, ఆ నీళ్లు బానెట్ కిందకు కారి ప్లగ్గు గుంటల్లో నిలుస్తాయి. తుఫాను వానల తర్వాత ఇలాంటి బళ్లు వరసకట్టి వస్తాయి. వాటికి కొత్త ప్లగ్గు అక్కర్లేదు, గుంట ఆరబెట్టి కాలువ శుభ్రం చేస్తే సరి. కోతల రోజుల్లో ఎలుకల బెడద కూడా ఉంది. పొలాల పక్కన, ధాన్యం మిల్లుల దగ్గర నిలిపిన బళ్లలో కాయిల్‌కు పోయే సన్న వైర్లు కొరికేసి ఉండటం మామూలే. బానెట్ ఎత్తగానే ముందు ఆ వైర్లను కంటితో ఒకసారి వెంబడించండి.

ఇక విప్పడం. మీరే చేసుకోవచ్చు, ఓపిక ఉంటే. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, ఇందులో రాజీ వద్దు. సిలిండర్ హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడి మీద విప్పితే మెత్తబడిన అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటే చిరిగి వస్తాయి. రాత్రి నిలిపి, పొద్దున్నే పెట్టుకోండి. కావాల్సినవి తక్కువే: మీ ప్లగ్గుకు సరిపోయే ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, రాట్చెట్, ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు), కాయిల్ బోల్టులకు 10 నంబర్ స్పానర్. ఇప్పటి చిన్న కార్లలో ప్లగ్ సాకెట్ ఎక్కువగా 16 మి.మీ., కొన్నిటికి 14 మి.మీ. లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న సాకెట్టే కొనండి. మామూలు సాకెట్‌తో బయటకు తీసేటప్పుడు ప్లగ్గు జారి పడుతుంది.

బానెట్ కింద మూడు మందపాటి నల్ల వైర్లు ప్లగ్గుల మీదకు వస్తుంటే అవి హెచ్‌టీ వైర్లు, కాయిల్ నుంచి ఎక్కువ వోల్టేజీ తెచ్చేవి. లాగేటప్పుడు వైరు పట్టుకోకుండా కింది రబ్బరు టోపీని పట్టుకుని కొంచెం తిప్పుతూ లాగండి. వైర్లు లేకుండా ప్రతి ప్లగ్గు మీద ఒక నల్ల డబ్బా ఉంటే అదే కాయిల్. దాని కనెక్టర్ లాక్ పదేళ్ల వేడికి పెళుసెక్కి ఉంటుంది, గోటితో మెల్లగా నొక్కి తీయండి. విరిగితే తర్వాత అదే కొత్త మిస్సింగ్ అవుతుంది. ఒకటి, రెండు, మూడు అని కాయిళ్ల మీద, తీసిన ప్లగ్గుల మీద గుర్తు పెట్టుకోండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో తెలియకపోతే చూసి లాభం లేదు.

ప్లగ్గు కదిలించే ముందు గుంటలో గాలి కొట్టాలి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బళ్ల గుంటల్లో చెంచాడు రాతిపొడి చూశాను. అది సిలిండర్‌లో పడితే లోపల గోడలు గీసుకుపోతాయి. ఇంట్లో కంప్రెసర్ లేకపోతే సైకిల్ పంపు చాలు. పావు చుట్టు వదులు చేసి మళ్లీ ఒకసారి గాలి కొట్టి, అప్పుడు పూర్తిగా తీయండి. మధ్యలో గట్టిగా పట్టేస్తే బలం పెట్టొద్దు. తుప్పు వదిలించే ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, అరగంట ఆగి, కొంచెం బిగిస్తూ కొంచెం వదులు చేస్తూ రండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండే బళ్లకు ఉప్పుగాలి వల్ల ఇది ఎక్కువ. అలాంటి చోట కిలోమీటర్లు తిరగకపోయినా మూడు నాలుగేళ్లకోసారి ప్లగ్గులు విప్పి పెట్టడం మంచిది.

ఇప్పుడు అసలు పని, ప్లగ్గును చదవడం. మూడింటినీ తెల్ల కాగితం మీద వరసగా పెట్టి ఎండ వెలుగులో చూడండి. మధ్యలో ఉండే పింగాణీ ముక్కు పాలు ఎక్కువ పోసిన టీ రంగులోనో లేత బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. వేలికి అంటే పొడి నల్లటి మసి మూడింటి మీదా సమానంగా ఉంటే పెట్రోల్ పాళ్లు ఎక్కువయ్యాయనీ, లేదా మీ పొట్టి ప్రయాణాలనీ అర్థం. అప్పుడు ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, దాని వెల తక్కువ. ఒక్కదాని మీదే మసి, పెట్రోల్ తడి, వాసన ఉంటే ఆ సిలిండర్‌లో రవ్వ రావడం లేదు. అనుమానం ఆ ఒక్క కాయిల్ మీదకో వైరు మీదకో పోవాలి, మూడింటి మీదకు కాదు.

మొన మీద జిగట నల్లటి ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ లోపలికి దిగుతోంది. కొత్త ప్లగ్గు వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అదే కథ. ఆయిల్ మొన మీద కాకుండా పైన గుంటలో, మరల పై భాగంలో మాత్రమే ఉంటే అది వేరే జబ్బు, చిన్నది: టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్, ప్లగ్గు గొట్టం సీళ్లు గట్టిపడ్డాయి. వాటిని మార్చాలి, లేకపోతే కాయిల్ రబ్బరు ఆయిల్‌కు ఉబ్బి పాడవుతుంది. ఈ రెంటినీ కలిపేసి ‘ఇంజిన్ పని’ అని వేల రూపాయల లెక్క చెప్పడం నేను విన్నాను, కాబట్టి ఆయిల్ ఎక్కడ ఉందో మీ కళ్లతో చూసుకోండి.

పింగాణీ సున్నంలా తెల్లబడి, మీద బొబ్బలు, కరిగిన చుక్కలు ఉంటే మొన అతిగా వేడెక్కుతోంది. తప్పుడు రకం ప్లగ్గు కావచ్చు, ప్లగ్గు వదులుగా ఉండి ఉండవచ్చు, గాలి పాలు ఎక్కువై ఉండవచ్చు, కూలెంట్ లోపం కావచ్చు. దీన్ని మాత్రం సొంతంగా వదిలేయకుండా మంచి మెకానిక్‌కు చూపించాలి.

బయటి పింగాణీ మీద, లోహం మొదలయ్యే చోట గోధుమ రంగు ఉంగరంలా మరక కనిపిస్తే కంగారు పడకండి. చాలామంది అది చూసి ప్లగ్గు లీకు అంటారు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ ఉన్న సన్నటి ఆయిల్ తుంపరలు అక్కడ అంటుకుని ఏర్పడే మరక అది, హాని లేదు. చూడాల్సింది నిలువుగా సన్నటి నల్ల గీత. పింగాణీ మీదో, రబ్బరు టోపీ లోపలో అలాంటి గీత ఉంటే రవ్వ మొనకు చేరకుండా బయటినుంచే ఇనుముకు దూకుతోంది. ప్లగ్గు, టోపీ రెండూ మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది దాన్నీ పాడుచేస్తుంది.

రంగు సరిగ్గా ఉన్నా ఖాళీ కొలవండి. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉండాలి, గుండ్రంగా అరిగి ఉంటే దాని పని అయిపోయింది. పాత స్కూటర్ల రోజుల్లోలా ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయడం ఇప్పుడు వద్దు. వైరు బ్రష్‌తో తోమితే పింగాణీ మీద లోహపు గీతలు పడి, కొత్త లీకు దారి మీరే వేసినట్టవుతుంది.

కొనేటప్పుడు బ్రాండ్ కన్నా నంబర్ ముఖ్యం. ఓనర్ మాన్యువల్‌లో ప్లగ్గు నంబర్, గ్యాప్ రెండూ ఉంటాయి. ఎన్‌జీకే నంబర్ ఒకటి ఉదాహరణగా చూద్దాం, బీపీఆర్6ఈఎస్. బీ అంటే 14 మి.మీ. మర, ఆర్ అంటే రెసిస్టర్ ఉన్నది, 6 వేడి తరగతి, ఈ అంటే మర పొడవు 19 మి.మీ. రెసిస్టర్ లేనిది వేస్తే రేడియో గరగరమనడమే కాదు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సిగ్నళ్లు కూడా చెదిరే ప్రమాదం ఉంది. వేడి తరగతి అంటే ప్లగ్గు మొన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకె; త్వరగా వదిలేది చల్లటిది. ఇందులో ఒక చిక్కుంది: ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లటిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. కాబట్టి ‘అదే నంబర్ దగ్గరగా ఉంది’ అని కౌంటర్‌లో వేరే కంపెనీది చేతిలో పెడితే తీసుకోకండి, ఆ కంపెనీ పట్టికలో మీ కారు పేరు చూసి ఇమ్మనండి. మర పొడవు తేడా ఇంకా ప్రమాదం. పొడవైతే పిస్టన్‌కు తగలొచ్చు, పొట్టిదైతే హెడ్ మరల్లో బొగ్గు పేరుకుని తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు.

మొన లోహం నికెల్‌ది తీసుకోవాలా, ఇరిడియమా అంటే మీ బండికి కంపెనీ ఏది వేసిందో అదే. చిన్న కార్లలో నికెల్‌ను మోడల్‌ను బట్టి 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. ఇరిడియం చాలావాటిలో లక్ష దాకా వస్తుంది, ధర కొన్ని రెట్లు ఎక్కువ. ఊళ్లో ఏడాదికి ఐదారు వేలు తిరిగే బండికి నికెల్ చాలు. ఇరిడియంతో మైలేజీ ఒక్కసారిగా పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. అరిగిన ప్లగ్గు వల్ల పోయిన మైలేజీ ఏ కొత్త ప్లగ్గు వేసినా తిరిగి వస్తుంది, అంతకు మించి రాదు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంచెం తగ్గితే ఆ తప్పు ప్లగ్గు మీద వేయకండి. సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి మాత్రం రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి, ప్లగ్గులు ముందే మార్చాలి.

మూడూ ఒకేసారి మార్చండి. డబ్బా నుంచి తీశాక గ్యాప్ మళ్లీ కొలవండి, రవాణాలో దెబ్బ తగిలి మూసుకుని ఉండొచ్చు. నికెల్ అయితే బయటి వంకర ఎలక్ట్రోడ్‌ను మాత్రమే మెల్లగా వంచి సరిచేయాలి, మధ్యదాన్ని నొక్కకూడదు. ఇరిడియం మొన అర మిల్లీమీటర్ పాటి సన్నటి తీగ, ఫీలర్ గేజ్‌తో కుక్కితే విరుగుతుంది. తేడా ఉంటే మార్చి ఇమ్మని అడగడమే మంచిది. చేతిలోంచి గచ్చు మీద పడిన ప్లగ్గు వాడకండి, పైకి బాగున్నా లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు.

బిగించడంలోనే ఎక్కువ ఇంజిన్లు పాడవుతాయి, అందుకే ఇక్కడ తొందర వద్దు. ఒక జానెడు రబ్బరు పెట్రోల్ పైపు ముక్క తీసుకుని, ప్లగ్గు పై కొనకు తొడిగి, దాన్నే పిడిగా పట్టుకుని గుంటలోకి దించండి. ముందు ఎడమకు తిప్పండి, మర మొదలు దగ్గర చిన్నగా టిక్కుమని దిగుతుంది. అప్పుడు కుడికి. మర వంకరగా పట్టుకుంటే రబ్బరు పైపు దానంతట అదే జారిపోతుంది, అల్యూమినియం దెబ్బతినదు. రాట్చెట్‌తో మొదలుపెడితే ఈ హెచ్చరిక మీకు అందదు. చేత్తో పూర్తిగా దిగి ఆనుకున్నాకే రాట్చెట్ తీసుకోండి.

టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే స్పానర్) ఉంటే 14 మి.మీ. మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కు 15 నుంచి 20, 10 మి.మీ.కు 10 నుంచి 12. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గును ఆనుకున్నాక అర చుట్టు బిగిస్తే చాలు, వాషర్ నలిగి సీల్ అవుతుంది. పాత ప్లగ్గే మళ్లీ వేస్తే దాని వాషర్ ముందే నలిగి ఉంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు, గడియారంలో గంట ముల్లు ఒక అంకె దాటినంత. వాషర్ లేకుండా కింద ఏటవాలుగా ఉన్న రకం కొత్తదైనా చుట్టులో పదహారో వంతే. మరలకు గ్రీజు, ఆయిల్ రాయొద్దు. జారుడు వల్ల అదే బలానికి ప్లగ్గు మరీ ఎక్కువ బిగిసి, మరలు సాగిపోతాయి. మరలు పోతే హెడ్‌లో హెలికాయిల్ (పోయిన మర చోట కూర్చోబెట్టే తీగ మర) వేయించాలి, అది షెడ్ పని.

రబ్బరు టోపీ లోపలి అంచుకు మాత్రం డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటును పోనివ్వని రకం) కొంచెం రాయండి, ఉప్పుగాలికి, తేమకు అడ్డు. కాయిల్ నొక్కితే టక్కుమని కూర్చోవాలి. కనెక్టర్ల లాక్ పడిందో లేదో ఒక్కోటీ లాగి చూడండి.

కొత్త ప్లగ్గులు వేశాక కూడా మిస్సింగ్ ఉంటే, అప్పుడు కాయిల్ సంగతి. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. పీ0301 అంటే మొదటి సిలిండర్, పీ0302 రెండోది, పీ0303 మూడోది, పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని తేలకుండా మిస్ అవుతోంది. ఉదాహరణకు పీ0302 వస్తే, రెండో కాయిల్‌ను మూడోదాని చోట, మూడోదాన్ని రెండో చోట పెట్టి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిలే పాడైంది, ఒక్కటి కొంటే చాలు. కోడ్ రెండు మీదే ఉండిపోతే కాయిల్ తప్పు లేదు. అప్పుడు ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి, ఇంజెక్టర్ క్లీనింగ్‌కు అప్పుడే అర్థం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా వైరు లాగి చూడటం, ప్లగ్గును హెడ్‌కు ఆనించి రవ్వ చూడటం ఇప్పటి బళ్లలో చేయొద్దు. షాక్ సంగతి అలా ఉంచితే, కాయిల్, ఈసీయూ దెబ్బతింటాయి, పక్కన పెట్రోల్ ఆవిరి ఉంటే అంటుకుంటుంది.

షెడ్‌లోనే చేయించుకుంటే రెండు మాటలు ముందే చెప్పండి: ఇంజిన్ చల్లారాకే విప్పాలని, తీసిన ప్లగ్గులు సిలిండర్ వరసలో మీకు ఇవ్వాలని. పని తెలిసిన మెకానిక్ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

విప్పాక మూడు ప్లగ్గుల రంగు, కొలిచిన గ్యాప్, ఆయిల్ తడి ఉంటే అది మొన మీదో పై మరల దగ్గరో, స్కానర్‌లో వచ్చిన కోడ్ రాయండి. మోడల్, ఏ ఏడాది బండి అన్నది కూడా చెబితే సరిపోయే ప్లగ్గు నంబర్ చూసి చెబుతాను.